మూడో అంతస్తు సర్వర్ రూముకి "జోన్ 4 సీస్మిక్ రాక్" – హైదరాబాద్‌లో నిజంగా అవసరమా?

మాదాపూర్_మురళి
మాది మాదాపూర్‌లో మూడో అంతస్తు ఆఫీసు. రెండు 42యూ రాకులు (సర్వర్లు బిగించే ఇనప బీరువాలు, యూ అంటే లోపలి అర ఎత్తు కొలత), ఒక 15 కేవీఏ యూపీఎస్, దాని బ్యాటరీలు, అంతే మా సామ్రాజ్యం. ఇప్పుడు అదే ఫ్లోర్లో వేరే రూముకి మారుతున్నాం, రాకులు కూడా కొత్తవే కొందాం అనుకున్నాం. ఈలోగా క్లయింటు తరఫున ఒకాయన ఆడిట్‌కి వచ్చి చెక్‌లిస్టులో "సీస్మిక్ జోన్ 4 రాక్ ఉండాలి" అని రాసి పోయాడు. కొటేషన్ అడిగితే వెండరు మామూలు రాకుకి రెండున్నర రెట్లు వేశాడు, అదేంటంటే "సర్టిఫైడ్ సార్" అంటాడు, అంతకుమించి నోరు విప్పడు. మా ఫైనాన్స్ సారేమో "హైదరాబాద్‌లో భూకంపం ఏంటయ్యా, మనది రాతి నేల" అని ఆ కాగితం తిప్పి కొట్టాడు. 2024 డిసెంబర్ 4న ములుగు వైపు వచ్చినప్పుడు పొద్దున్నే ఏడున్నరకి మా ఇంట్లో ఫ్యాను ఊగడం నా కళ్ళతో చూశాను, కాబట్టి అస్సలు అవసరం లేదని అనలేకపోతున్నా, రెండున్నర రెట్లు పెట్టమనీ అనలేకపోతున్నా. ఎవరైనా నిజంగా పెట్టించినవాళ్ళు ఉంటే చెప్పండి.

సీటీసీ_సత్తి
రాక్‌కి నిమ్మకాయ, పచ్చిమిరపకాయలు కట్టు. జోన్ 5 దాకా గ్యారంటీ.

నైట్‌షిఫ్ట్_నాని
ఫైనాన్స్ సారు మాటల్లో సగం కరెక్టే. మనది జోన్ 2, దేశంలో అన్నిటికంటే తక్కువది. ముంబై బ్యాంకుల డీఆర్ సైట్లు (ప్రమాదం వస్తే నడిపే బ్యాకప్ సెంటర్లు) ఇక్కడికి రావడానికి అదీ ఒక కారణమే. ఆ డబ్బుతో ఇంకో సెట్టు బ్యాటరీలు కొను, మన దగ్గర కరెంటు పోయినన్ని సార్లు భూమి కదలదు.

రిటైర్డ్_జేటీఓ
రాతి నేల అని గుండెల మీద చెయ్యేసుకుని పడుకోకండి నాయనా. 1969 ఏప్రిల్‌లో భద్రాచలం దగ్గర 5.7 వచ్చింది. 1983లో మేడ్చల్ దగ్గరే కదిలింది, అప్పుడు నేను సికింద్రాబాద్‌లో ఉన్నాను, వంటింట్లో గిన్నెలు పడితే పిల్లి అనుకున్నాం. 1993 కిల్లారి భూకంపానికి తెల్లవారుజామున నాలుగింటికి ఇక్కడ జనం లుంగీలతో రోడ్డు మీదికొచ్చారు. బోరబండలో 2020 అక్టోబర్‌లో భూమిలోంచి చప్పుళ్ళు వస్తున్నాయని ఎన్జీఆర్ఐ (భూభౌతిక పరిశోధన సంస్థ) వాళ్ళు పరికరాలు పెట్టి కూర్చున్నారు. ఇవేవీ రాకుల్ని పడగొట్టే సైజువి కాదు, ఒప్పుకుంటాను. కానీ "ఏంటయ్యా భూకంపం" అనే మాట మాత్రం తప్పు.

సివిల్_శ్రావణి
ముందు ఆ "జోన్ 4" సంగతి తేల్చండి మురళి గారూ, చాలామంది పడే గుంట అదే. మన భూకంప డిజైన్ కోడు ఐఎస్ 1893 (2016 ఎడిషన్)లో జోన్లు 2 నుంచి 5 దాకా, హైదరాబాద్ 2, విజయవాడ 3, ఢిల్లీ 4, గువాహటి, భుజ్ 5. కానీ రాక్ బ్రోచర్లో కనపడే జోన్ 4 ఇది కాదు. అది అమెరికా టెలికాం వాళ్ళ జీఆర్-63-కోర్ అనే స్టాండర్డులోది, నెబ్స్ అంటారే అందులో ముక్క. వాళ్ళ మ్యాపులో జోన్లు 0 నుంచి 4 దాకా, 4 అంటే కాలిఫోర్నియా లాంటి చోట్లు, అంటే అదే వాళ్ళకి ఆఖరిది. మీ ఆడిటర్ రెండిట్లో ఏది రాశాడో ఆయనకే తెలియకపోవచ్చు. మన జోన్ 4 అనుకుని రాస్తే అది ఢిల్లీ టెండర్ నుంచి కాపీ కొట్టింది, అమెరికా జోన్ 4 అనుకుని రాస్తే మాదాపూర్‌కి శాన్‌ఫ్రాన్సిస్కో రాక్ అడుగుతున్నట్టు.

మాదాపూర్_మురళి
వామ్మో. రెండు జోన్ 4లు ఉన్నాయా? చెక్‌లిస్టులో ఇంకో ముక్క లేదు, "సీస్మిక్ జోన్ 4 కంప్లయంట్" అంతే. వెండర్ బ్రోచర్లో మాత్రం నెబ్స్ అనే మాట ఉంది.

నైట్‌షిఫ్ట్_నాని
@సివిల్_శ్రావణి ఆడిటర్లు ఢిల్లీ చెక్‌లిస్టులో ఊరి పేరు మార్చి తెస్తారు మేడం, మా దగ్గర ఒకాయన "సునామీ ప్లాన్ ఏది" అని అడిగాడు. గచ్చిబౌలిలో.

సీటీసీ_సత్తి
దుర్గం చెరువు పొంగుతుందని ఆయన ముందుచూపు.

బాలానగర్_భాయ్
మేం రాకులు, ప్యానెళ్ళు జేస్తం, ఇరవై ఏండ్ల సంది ఇదే పని. నిజం జెప్తున్న, మార్కెట్ల సీస్మిక్ అని అమ్మే దాంట్ల సగం మామూలు రాకే, కింద నాలుగు మూలలకి ఎల్ యాంగిల్ ముక్కలు ఏసి స్టిక్కర్ కొడ్తరు. అసలు సీస్మిక్ ఫ్రేం ఎట్లుంటదంటే, మామూలు దాన్ని స్క్రూలతోని జోడిస్తం, దీన్ని వెల్డింగ్ జేస్తం, మూలలకి గసెట్ ప్లేట్లు, పక్కలకి క్రాస్ బ్రేసింగ్, కింద బేస్ ఛానల్ మందంగ ఉంటది. చేత్తోని తెలుస్తది. ఖాళీ రాక్ పై మూల పట్టుకోని పక్కకి ఊపు, సస్తదాక ఆగకుంట తైతక్కలాడితె అది మామూలు రాక్. షీటు మందం జెప్పమను, బరువు జెప్పమను. బరువు జెప్పనోడు ఏం జెప్పనట్టే. టెస్ట్ రిపోర్ట్ అడుగు, మనోళ్ళు టెస్టుకు బెంగళూర్ల సీపీఆర్ఐ (కేంద్ర విద్యుత్ పరిశోధన సంస్థ) షేక్ టేబుల్, అంటే ఊపే బల్ల మీదికి పంపిస్తరు. రిపోర్ట్‌ల మోడల్ నంబర్, లోపల ఎన్ని కిలోలు ఏసి ఊపిన్రు, రెండూ మ్యాచ్ గావాలె. 300 కిలోలతోని పాసైన రాక్‌ల నువ్వు 800 ఏస్తే ఆ కాగితం పకోడీలు కట్టుకోనీకి పనికొస్తది.

కొత్తగా_చేరా
నాదొక చిన్న డౌటు, తప్పైతే తిట్టకండి. మా రాక్ డేటాషీటులో స్టాటిక్ లోడ్ 1400 కిలోలు, డైనమిక్ లోడ్ 1000 కిలోలు అని ఉంది. డైనమిక్ అంటే ఊగినప్పుడు అనేగా, అంటే అది భూకంపం రాకేనా?

బాలానగర్_భాయ్
కాదు తమ్మీ. డైనమిక్ అంటే సామాన్లు ఏసినంక చక్రాల మీద తోస్కపోతే క్యాస్టర్లు ఎంత మోస్తయో అది. భూకంపంకి దానికి సుట్టరికం లేదు.

కొత్తగా_చేరా
😶 మేము ఆడిట్‌లో అదే చూపించి పాసయ్యాం.

నైట్‌షిఫ్ట్_నాని
ఈ పోస్ట్ డిలీట్ చేసుకో తమ్ముడూ.

గువాహటి_గోపి
మాది కాకినాడ, ఉద్యోగం ఇక్కడ గువాహటిలో ఎనిమిదేళ్ళుగా, జోన్ 5. 2021 ఏప్రిల్ 28 పొద్దున్న 6.4 వచ్చింది, సోనిత్‌పూర్ వైపు. మా రాక్ పడలేదండి. నడిచింది! నేను ఆఫీసుకెళ్ళేసరికి ఉండాల్సిన చోటు నుంచి జానెడు పక్కకొచ్చి, డోర్ తెరుచుకుని, ఎవరికోసమో ఎదురుచూస్తున్నట్టు వంకరగా నిలబడి ఉంది. కింద క్యాస్టర్ల మీదే వదిలేశారు, లెవెలింగ్ కాళ్ళు దించలేదు, బ్రేకులున్నవి ముందు రెండిటికే. రాక్ కదిలింది కదా, వెనకాల ఫైబర్ ప్యాచ్ కార్డులు (పొట్టి ఫైబర్ కేబుళ్ళు) బిగుతుగా లాగి కట్టేసి ఉన్నాయి, రెండు కనెక్టర్ దగ్గరే పుటుక్కున పోయాయి. స్విచ్చులకి, సర్వర్లకి గీత కూడా పడలేదు కానీ లింకులు సాయంత్రం దాకా డౌను, ఎందుకంటే ఊళ్ళో అందరికీ అప్పుడే ప్యాచ్ కార్డులు కావాలి. ఆ తర్వాత చేసింది ఏంటంటే చక్రాలు పీకేసి నేలకి బోల్టులు, కేబుళ్ళకి పైన ట్రే దగ్గర ఒక చుట్టు వదులు. రాక్ మాత్రం అదే పాత రాకే.

మాదాపూర్_మురళి
మా రాకులూ చక్రాల మీదే ఉన్నాయి గోపి గారూ. కాళ్ళు దించారో లేదో చూడాలి, ఇప్పుడే భయం మొదలైంది.

సివిల్_శ్రావణి
గోపి గారు చెప్పింది బంగారం. లెక్క కూడా చూపిస్తా, కష్టం ఏం కాదు. రాక్ పక్కకి పడాలంటే పక్కకి తోసే బలం, దాని బరువు నిలబెట్టే బలాన్ని దాటాలి. 600 మి.మీ. వెడల్పు రాక్, కాళ్ళు లోపలికి ఉంటాయి కాబట్టి కాలికీ కాలికీ 500 అనుకోండి, సగం 250. లోపలి సామాను బరువు కేంద్రం నేల నుంచి 1000 ఎత్తులో ఉంటే 250 బై 1000, అంటే 0.25 జీ (జీ అంటే భూమి ఆకర్షణ) ఊపు వస్తే గానీ కాలు లేవదు. మనకి కోడు ఇచ్చిన జోన్ ఫ్యాక్టర్ 0.10, అది కూడా చాలా పెద్ద భూకంపానికి, మామూలుగా డిజైన్లో అందులో సగమే తీసుకుంటాం. పై అంతస్తుకి పోయేకొద్దీ ఊపు పెరుగుతుంది, రెట్టింపు అనుకున్నా 0.2. అంటే మాదాపూర్‌లో బరువు కింద పెట్టిన రాక్ దానంతటదే పడే అవకాశం తక్కువ. అదే యూపీఎస్ పైన, స్టోరేజ్ పైన పెట్టి కేంద్రాన్ని 1400కి తీసుకెళ్తే 0.18కి దిగిపోతుంది. ముందుకి, వెనక్కి అయితే లోతు 1000 కాబట్టి అంత బాధ లేదు. పక్కకే ప్రమాదం. రెండు రాకులూ పక్కపక్కన పెట్టి బేయింగ్ కిట్‌తో ఒకదానికొకటి బిగిస్తే వెడల్పు రెట్టింపై ఆ బాధా తగ్గుతుంది.

నైట్‌షిఫ్ట్_నాని
ఆగండాగండి. పైన 0.2 వస్తుందన్నారు, బరువు పైన ఉంటే 0.18కే లేస్తుందన్నారు. అంటే పడుతుందనేగా? మొదట నేను బ్యాటరీలు కొను అన్నప్పుడు ఈ లెక్క ఎందుకు చెప్పలేదు 😀

సివిల్_శ్రావణి
@నైట్‌షిఫ్ట్_నాని బాగా పట్టారు. 0.2 అనేది అన్నిటికంటే చెడ్డ లెక్క. కాలు లేవడం వేరు, పూర్తిగా బోర్లా పడటం వేరు, ఊపు క్షణంలో తిరగబడుతుంది కాబట్టి చాలాసార్లు లేచిన కాలు మళ్ళీ దిగుతుంది. కానీ ఇంకోటి ఉంది, భాయ్ చెప్పిన తైతక్క రాక్ దాని సొంత ఊపుతో బిల్డింగ్ ఊపుని ఇంకా పెంచుతుంది. నెబ్స్ వాళ్ళు టెస్టులో రాక్ పై అంచు 75 మి.మీ. మించి ఊగకూడదని పెట్టింది కూడా అందుకే, పక్క రాకుకి తగలకుండా, కేబుళ్ళు లాగకుండా. అందుకే నా మాట: జోన్ 2లో ఖరీదైన రాక్ కాదు, బోల్టు కావాలి. ఇంకో విషయం, ఆ టెస్టు చేసేటప్పుడు రాక్‌ని కాంక్రీటుకి బోల్టులేసి బిగించే ఊపుతారు. చక్రాల మీద నిలబెట్టిన సర్టిఫైడ్ రాక్‌కి ఆ సర్టిఫికెట్ వర్తించదు.

సీటీసీ_సత్తి
అంటే రెండున్నర రెట్లు పెట్టి కొని చక్రాల మీద పెడితే అది ఉత్త ఖరీదైన బండి.

రిటైర్డ్_జేటీఓ
మా రోజుల్లో చక్రాలనే మాటే లేదు. టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో రాకుల వరసలన్నీ నేలకి బిగించి, పైన ఇనప రన్‌వే వేసి గోడ నుంచి గోడకి కట్టేసేవాళ్ళం, ఏనుగు వచ్చి రుద్దుకున్నా కదిలేవి కావు. 2001 భుజ్ తర్వాత నన్ను డెప్యుటేషన్ మీద కచ్ఛ్ పంపారు, ఒక చిన్న ఊళ్ళో ఎక్స్ఛేంజీ చూశాను. బిల్డింగ్ గోడలు ఇంత మందాన చీలాయి, లోపల రాకులు అట్లాగే నిలబడి ఉన్నాయి. కానీ ఎక్స్ఛేంజీ చచ్చిపోయింది. ఎందుకో చెప్పండి? బ్యాటరీ రూము. రెండు వోల్టుల సెల్స్, టేకు చెక్క స్టాండు మీద వరసగా పేర్చి ఉంటాయి, వాటిని పట్టి ఉంచడానికి ముందర ఒక పట్టీ కూడా లేదు. అన్నీ జారి ఒకదాని మీద ఒకటి, నేలంతా యాసిడ్, గోనెసంచిలో సోడా తెచ్చి చల్లుకుంటూ లోపలికి వెళ్ళాం. ఆ వాసన ఇప్పటికీ ముక్కులో ఉంది. మురళి బాబూ, రాకుల సంగతి తర్వాత, మీ బ్యాటరీలు దేని మీద ఉన్నాయి? పైన కూడా గోడకి కట్టెయ్యి, నా మాట విను.

మాదాపూర్_మురళి
సార్ మీ పోస్ట్ చదివి ఇప్పుడే సెక్యూరిటీ వాళ్ళకి ఫోన్ చేసి ఫోటో తీయించా. యాంగిల్ స్టాండు, మూడు అరలు, 12 వోల్టుల బ్యాటరీలు వరసగా. పట్టీ లేదు, ఏమీ లేదు. స్టాండు కూడా నేల మీద ఉత్తినే పెట్టి ఉంది. ఒక్కో బ్యాటరీ ముప్పై కిలోల దాకా ఉంటుంది. 🙏

సివిల్_శ్రావణి
@రిటైర్డ్_జేటీఓ సార్ బ్యాటరీల మాటకి నూటికి నూరు. గోడకి కట్టడం మీద మాత్రం ఒప్పుకోను. మీ ఎక్స్ఛేంజీ గోడలు బరువు మోసే మందపాటి గోడలు. మురళి గారి సర్వర్ రూము గోడ జిప్సం బోర్డో, నాలుగంగుళాల బ్లాకో అయ్యుంటుంది. దానికి 800 కిలోల రాక్ కట్టేస్తే రాక్‌తో పాటు గోడ కూడా వస్తుంది. పైన కట్టాలంటే స్లాబుకో బీముకో కట్టాలి.

రిటైర్డ్_జేటీఓ
అమ్మాయ్, గోడలు అట్టముక్కలతో కడతారని మాకేం తెలుసు.

మాదాపూర్_మురళి
జిప్సమే. వేలితో కొడితే డప్పు మోగినట్టు మోగుతుంది.

కోకాపేట_కావ్య
మీరంతా భూకంపం అంటున్నారు, మా బాధ వేరు. మా పక్క ప్లాటులో నాలుగు సెల్లార్లకి రాయి పేలుస్తున్నారు, మధ్యాహ్నం ఒకసారి, సాయంత్రం ఒకసారి. సైరన్ మోగుతుంది, ఢాం అంటుంది, టేబుల్ మీద టీ కప్పులో ఉంగరాలు వస్తాయి. ఆరు నెలల తర్వాత ఏసీ సర్వీసు వాడు రాక్ వెనక చేయి పెడితే ఒక కేజ్ నట్ స్క్రూ కింద పడింది. అప్పుడు అన్నీ బిగించి చూస్తే స్విచ్చుల చెవుల దగ్గర సగం స్క్రూలు వదులుగా ఉన్నాయి. ఇంకోటి, ఒక సర్వర్‌కి అసలు నాలుగు స్క్రూల చోట రెండే ఉన్నాయి, అది పేలుడు తప్పు కాదు, మా ఇంజనీరు తప్పు. హైదరాబాద్‌లో ఊపు కావాలంటే భూమి లోపలికి వెళ్ళక్కర్లేదు, పక్క సైటుకి వెళ్తే చాలు.

నైట్‌షిఫ్ట్_నాని
ఆ సైట్ బిల్డర్‌ని నెబ్స్ సర్టిఫికెట్ అడగండి.

కోకాపేట_కావ్య
అడిగితే ఫ్లాట్ బుకింగ్ ఫారం ఇచ్చాడు.

భద్రాద్రి_భాను
మాకు భద్రాచలం, ఖమ్మం, వరంగల్ బ్రాంచిలు ఉన్నాయి, ఒక్కో చోట 12యూ గోడ రాక్. భద్రాచలం జోన్ 3, గోదావరి లోయలో పాత చీలిక ఉంది కాబట్టి జేటీఓ సారు చెప్పిన 1969ది మా నాన్న ఇప్పటికీ చెప్తాడు. ములుగుది కూడా మాకు గట్టిగానే తెలిసింది. మా ఐటీ మేనేజర్ ఉండేది హైదరాబాద్‌లో కాబట్టి ఊరు ఏదైనా ఒకే డ్రాయింగ్. గోడ రాక్‌కి ప్లాస్టిక్ రావల్ ప్లగ్ వేసి నాలుగు స్క్రూలు. పాత సున్నం గోడ, చేత్తో లాగితే ఒకటి ఊడొచ్చింది. గోడ అవతలి వైపు ప్లేటు పెట్టి బోల్టు ఆరపారా తోయించా, దానికైన ఖర్చు ఒక బిర్యానీ అంత. మురళి అన్నా, హెడ్డాఫీసు సంగతి చూసేటప్పుడు బ్రాంచిలు మర్చిపోకు.

కొత్తగా_చేరా
జపాన్‌లో రాక్ కింద బాల్ బేరింగ్ పళ్ళేలు పెడతారంట కదా, నేల కదిలినా రాక్ కదలకుండా. అది పెట్టుకుంటే బోల్టులెందుకు?

సివిల్_శ్రావణి
మంచి ప్రశ్నే. బేస్ ఐసొలేషన్ అంటారు. కానీ నేల ఎంత కదిలితే రాక్ అంత పక్కకి జరుగుతుంది కదా, చుట్టూ ఖాళీ వదలాలి, ప్రతి కేబులూ, ప్రతి ఏసీ పైపూ ఆ మేరకు సాగాలి. మాదాపూర్ సర్వర్ రూముల్లో మనిషి తిరగడానికే చోటుండదు. జోన్ 5లో, కోట్ల ఖరీదు స్టోరేజ్ ఉంటే ఆలోచించండి.

బాలానగర్_భాయ్
బోల్టు అంటే గుర్తొచ్చింది. మేడం బోల్టు అన్నరు, కరెక్టే, కని ఎందుల ఏస్తున్నరో సూస్కోండ్రి. నేను సూశ్న సగం సైట్లల్ల ఫాల్స్ ఫ్లోర్ టైల్‌కి ఏస్తరు. 600 బై 600 టైల్, కింద పెడెస్టల్ మీద ఊరికె కూసుంటది, రాక్ లేస్తె టైల్ గూడ పళ్ళెం లెక్క లేస్తది. దానికి రాక్ సైజుల యాంగిల్ స్టాండ్ జేస్కోని, టైల్ కోసి, స్టాండ్‌ని కింద స్లాబుకి ఎం12 యాంకర్లతోని (12 మి.మీ. మందం, కాంక్రీటుల పట్టే బోల్టులు) కొట్టి, దాని మీద రాక్ బిగించాలె. రాణిగంజ్‌ల యాంకర్లు దొరుకుతయ్, అగ్గువయి తీస్కోకు.

సివిల్_శ్రావణి
భాయ్ చెప్పినదానికి ఇంకో రెండు ముక్కలు. ఫాల్స్ ఫ్లోర్ లేకపోయినా మన ఫ్లోర్ల మీద టైల్, దాని కింద ఇసుక సిమెంటు మిక్స్ ఉంటుంది. అందులో పట్టిన యాంకర్ యాంకర్ కాదు, పళ్ళెం మీద గుచ్చిన అగరుబత్తి. అసలు ఆర్‌సీసీలోకి దిగాలి. బలం ఎంత కావాలో తెలియాలంటే గువాహటి లెక్క చూడండి, అక్కడి జోన్ ఫ్యాక్టర్ 0.36ని పై అంతస్తులో రెట్టింపు చేస్తే 0.72. 800 కిలోల రాక్, పైన చెప్పిన కొలతలే, ఒక పక్క ఉన్న రెండు బోల్టుల్లో ఒక్కోదాని మీద దాదాపు 375 కిలోల పైకి గుంజుడు. మంచి ఎం12 కాంక్రీటులో ఉంటే మోస్తుంది. సిమెంటు మిక్సులో ఉంటే ముల్లంగి పీకినట్టు వస్తుంది.

రెండోది, ఇది ముఖ్యం: మాదాపూర్ వైపు చాలా బిల్డింగులు పోస్ట్ టెన్షన్ (పీటీ) స్లాబులు. లోపల బిగించి లాగిన స్టీలు తీగలు ఉంటాయి. స్కాన్ చేయకుండా డ్రిల్ పెట్టి ఒక తీగ తెంపారంటే రాక్ సంగతి దేవుడెరుగు, బిల్డింగ్ వాళ్ళు మిమ్మల్ని బోల్టులేసి గోడకి కొడతారు. ముందు ఓనర్ దగ్గర డ్రాయింగ్ అడగండి.

నైట్‌షిఫ్ట్_నాని
ఇప్పుడు నాకు డ్రిల్ మిషన్ చూస్తే భయమేస్తోంది. ఇన్నాళ్ళూ ఎన్ని కన్నాలు పెట్టించానో.

మాదాపూర్_మురళి
వారం తర్వాత అప్‌డేట్. ఆదివారం నేనూ, మా ఫెసిలిటీ వెంకటేశూ కూర్చుని పాత రూము మొత్తం చూశాం. ఒక్కొక్కటీ చెప్తా, నవ్వకండి.

రెండు రాకులకీ లెవెలింగ్ కాళ్ళు ఉన్నాయి, కానీ పైకే తిప్పి ఉన్నాయి, అంటే ఐదేళ్ళుగా మొత్తం బరువు ఎనిమిది చక్రాల మీదే. చక్రాలు ఎంతగా నొక్కుకుపోయాయంటే వినైల్ మీద గుంటలు పడ్డాయి, రాక్ పేరుకి కదలదు, గుంటలో ఇరుక్కుని ఆగింది. రెండో రాక్‌లో 3 కేవీఏ యూపీఎస్ ఒకటి 38వ యూలో ఉంది, ఎందుకయ్యా అంటే "సార్ కింద కేబుల్ అందలేదు" అని వెంకటేశ్. రాక్ మీద, అంటే రెండు మీటర్ల ఎత్తులో, ఒక పాత సీఆర్‌టీ మానిటర్, రెండు ప్రింటర్ డబ్బాలు, ఆయుధపూజ నాటి ఎండిపోయిన కొబ్బరి చిప్ప. సత్తి అన్నా, నిమ్మకాయ కూడా ఉంది.

ఓనర్‌ని డ్రాయింగ్ అడిగితే వారం తిప్పాడు, చివరికి పీటీ స్లాబే అని తేలింది. స్కాన్ చేసేవాళ్ళని పిలిచాం, తీగలు ఎక్కడున్నాయో చాక్‌పీసుతో గీసి, ఎనిమిది కన్నాలకి చోటు చూపించారు. మొదటి కన్నం పెడితే టైల్, మిక్స్ కలిపి 70 మి.మీ. పోయాక గానీ కాంక్రీటు తగల్లేదు! మా పాత వెండరు ఒక బోల్టు వేసి ఉన్నాడు, దాని పొడవెంతో తెలుసా, 60. మా ఫైనాన్స్ సారుని పిలిచి ఆ బోల్టు చేత్తో పీకి చూపించా. ఆయన చేతిలో పెట్టుకుని అటూ ఇటూ తిప్పి, ఏమీ అనకుండా క్యాబిన్‌లోకి వెళ్ళిపోయాడు. సాయంత్రానికి అప్రూవల్ మెయిల్ వచ్చింది.

సివిల్_శ్రావణి
70కి పైన పొడుగు యాంకర్ తీసుకున్నారా? టైల్, మిక్స్ మందం పోగా కాంక్రీటులో దిగాల్సింది కంపెనీ వాడు చెప్పినంత దిగాలి. స్లాబు మందం కూడా చూసుకోండి, కింద ఫ్లోర్ వాళ్ళ సీలింగులోంచి తొంగి చూడకూడదు.

మాదాపూర్_మురళి
అందుకే కన్నాల దగ్గర టైల్, మిక్స్ కోసి తీసేశాం, యాంగిల్ స్టాండు కాళ్ళు నేరుగా స్లాబు మీద కూర్చుంటాయి. స్టాండు బాలానగర్ భాయ్ చేస్తున్నాడు, పర్సనల్ మెసేజ్‌లో బేరం అయింది. రెండు రాకులూ ఒకే స్టాండు మీద, మధ్యలో బేయింగ్ కిట్టు. బ్యాటరీ స్టాండుకి ముందు పట్టీలు, మధ్యలో రబ్బరు, అదీ స్లాబుకే బిగింపు. రాకులు భాయ్ దగ్గరే వెల్డింగ్ ఫ్రేంవి, నెబ్స్ కాదు. మొత్తం కలిపి ఆ రెండున్నర రెట్ల కొటేషన్లో సగం కూడా కాలేదు.

నైట్‌షిఫ్ట్_నాని
మరి ఆడిటర్ చెక్‌లిస్టు?

మాదాపూర్_మురళి
శ్రావణి గారి లెక్కే పేజీ మీద రాసి, జోన్ 2 అని, యాంకర్ల ఫోటోలతో పంపా. "మీ జోన్ 4 ఐఎస్ 1893దా, జీఆర్-63దా దయచేసి తెలపగలరు" అని ఒక లైను కూడా పెట్టా. మూడు రోజులైంది, జవాబు లేదు.

గువాహటి_గోపి
ఫైబర్‌కి వదులు చుట్టు వదిలారా లేదా? అది మర్చిపోతే మళ్ళీ నా దగ్గరికే వస్తారు.

మాదాపూర్_మురళి
వదిలాం గోపి గారూ, ట్రే దగ్గర ఒక్కో దానికి మూరెడు.

రిటైర్డ్_జేటీఓ
ఆ కొబ్బరి చిప్ప తీశారా?

మాదాపూర్_మురళి
వెంకటేశ్ తీయనివ్వలేదు సార్. ఐదేళ్ళు అదే కాపాడిందంటాడు. కొత్త రాక్‌లో అడుగున, 1యూలో పెట్టాం, బరువు కేంద్రం కిందికి.

సీటీసీ_సత్తి
ఆ పీకేసిన ఎనిమిది క్యాస్టర్లు ఏం చేస్తున్నావ్? నాకు నాలుగు కావాలి, ఇంట్లో వాషింగ్ మిషన్ కింద వేసుకుంటా.

బాలానగర్_భాయ్
బ్రేకున్నయి తీస్కో అన్న. లేకుంటే స్పిన్‌ల అది గోపన్న రాక్ లెక్క నడుస్తది.